హాస్టల్ వైఫైలో గేమ్ కదలనంటుందా? కొన్ని చిట్కాలు

కావలి, కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ, కోట దగ్గరి విద్యానగర్... మన నెల్లూరు సముద్రతీరంలో చదువుకునే పిల్లలు చాలామంది హాస్టళ్లలోనే ఉంటారు. క్లాసులయ్యాక, మైపాడు బీచికి వెళ్లే వీలు లేని రోజున, ఫోనే కాలక్షేపం. వైఫై గీతలు నిండుగా ఉంటాయి, యూట్యూబ్ ఆడుతుంది, గేమ్ మాత్రం లోడింగ్ దగ్గరే తిరుగుతుంటుంది. అడ్డుపడేది కాలేజీ ఫైర్‌వాల్. దాన్ని దొంగదారిన దాటే ఉపాయాలు ఇక్కడ చెప్పడం లేదు. పిల్లల ఆట పిల్లలకు దక్కాలి, చిక్కుల్లో పడకూడదు.

1. ముందు లాగిన్ చూసుకోండి. కాలేజీ వైఫైకి కలిపినంత మాత్రాన నెట్ రాదు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగే పేజీ వస్తుంది. నేరుగా గేమ్ తెరిస్తే ఆ పేజీ కనిపించదు కాబట్టి ముందు బ్రౌజర్ తెరవండి. కొన్నిచోట్ల లాగిన్ పేజీ మూసేస్తే నెట్ కూడా పోతుంది, దాన్ని వెనక ట్యాబ్‌లో ఉంచండి. మీ ఫోన్ వైఫై అడ్రస్‌ను (మ్యాక్ అడ్రస్) కాలేజీలో నమోదు చేయించి ఉంటే ఇంకో చిక్కు ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు వైఫైకి అసలు అడ్రస్ బదులు మారు అడ్రస్ చూపిస్తున్నాయి. వైఫై సెట్టింగుల్లో ఆ కాలేజీ నెట్‌వర్క్ వరకు అసలు అడ్రస్ పెట్టుకోండి.

2. ఎక్కడ ఆగుతోందో కనిపెట్టండి. అదే గేమ్‌ను ఒకసారి మొబైల్ డేటాలో ఆడి చూడండి. అక్కడ ఆడి వైఫైలో ఆడకపోతే అడ్డు కాలేజీదే. వెబ్‌సైట్లు 80, 443 అనే రెండు పోర్టుల్లో, అంటే నెట్ దారుల్లో, నడుస్తాయి. చాలా కాలేజీలు ఆ రెండు తెరిచి మిగతావి మూసేస్తాయి. షూటింగ్ గేముల్లో మ్యాచ్ నడిచేది ఎక్కువగా యూడీపీ అనే పద్ధతిలో, వేరే పోర్టుల్లో. అందుకే లాబీ దాకా వచ్చి మ్యాచ్ మొదలయ్యే చోట ఆగిందంటే పోర్టులు మూసి ఉన్నాయేమో చూడాలి. యాప్ అసలే తెరుచుకోకపోతే 'గేమ్స్' అన్న వర్గాన్నే మొత్తంగా ఆపి ఉండొచ్చు. ఈ తేడా తెలిస్తే కింది 8వ చిట్కాలో పనికొస్తుంది.

3. బ్రౌజర్‌లో ఆడేవి చూడండి. చెస్‌కు లిచెస్ ఉంది. 2010లో మొదలైంది, పూర్తిగా ఉచితం, ప్రకటనలు ఉండవు. మామూలు వెబ్‌సైటు దారిలోనే నడుస్తుంది కాబట్టి పోర్టుల బెడద లేదు.

4. నెట్ లేకుండా ఆడుకోండి. నాకు అన్నిటికంటే నచ్చిన దారి ఇదే. ఒకరి ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి హాట్‌స్పాట్ పెట్టండి, మిగతావాళ్లు దానికి కలవండి. మినీ మిలీషియా హాయిగా ఆడుతుంది. ల్యాప్‌టాప్‌లు ఉంటే కౌంటర్ స్ట్రైక్ 1.6 కూడా. చాలాచోట్ల హాస్టల్ వైఫైలో ఒకే గదిలోని ఫోన్లు ఒకదానికొకటి కనిపించకుండా కట్టడి చేసి ఉంటారు, అందుకే సొంత హాట్‌స్పాట్ కావాలి. ఓడినవాడు పక్క మంచం మీంచి వేసే కేకలు ఏ ఆన్‌లైన్ మ్యాచ్‌లోనూ దొరకవు. హాట్‌స్పాట్ బదులు సొంత రూటర్ కొనాలనుకుంటే మాత్రం ముందు హాస్టల్ రూల్స్ చూసుకోండి.

5. ఫ్రీ వీపీఎన్ జోలికి పోవద్దు. సీనియర్లు మొదట చెప్పేది ఇదే, నేను గట్టిగా వద్దనేదీ ఇదే. మీ ఫోన్ నుంచి వెళ్లే ప్రతిదీ ఆ యాప్ నడిపేవాళ్ల సర్వర్ మీదుగా పోతుంది. డబ్బు తీసుకోకుండా ఆ సర్వర్ ఖర్చు ఎలా భరిస్తున్నారో ఒక్కసారి ఆలోచించండి. ఫోన్‌పే, బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌లో అలాంటివి పెట్టకూడదు. పోనీ ఆటకైనా లాభమా? 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, వీపీఎన్ కంపెనీలు వాడుకదారుల వివరాలు ఐదేళ్లు దాచాలని ఆదేశించింది. ఆ తర్వాత ఎక్స్‌ప్రెస్, నార్డ్ లాంటి పెద్ద కంపెనీలు మన దేశంలోని సర్వర్లు ఎత్తేశాయి. దాంతో మీ గేమ్ సింగపూర్‌కో ఇంకో దేశానికో వెళ్లి తిరిగి రావాలి, పింగ్ పెరుగుతుంది. పైగా వీపీఎన్ వాడిన సంగతి కాలేజీ లాగ్‌లో మీ పేరు మీదే నమోదవుతుంది. స్నేహితుడి లాగిన్ వాడితే ఆ మాట అతను పడతాడు.

6. సొంత డేటాను పొదుపుగా వాడండి. ఆటకు డేటా పెద్దగా పట్టదు, అప్‌డేట్లే మింగేస్తాయి. అప్‌డేట్‌ను వైఫై అనుమతిస్తే తెల్లవారుజామున, నెట్ ఖాళీగా ఉన్నప్పుడు దించుకోండి. స్టీమ్ వాడేవాళ్లకు 2023 నుంచి ఒక మంచి సౌకర్యం ఉంది: ఒకరు దించుకుంటే మిగతావాళ్లు లోకల్ నెట్‌వర్క్‌లో వాళ్ల కంప్యూటర్ నుంచే కాపీ చేసుకోవచ్చు. సర్వర్ ఎంచుకునే వీలుంటే దగ్గరిది తీసుకోండి. కౌంటర్ స్ట్రైక్ 2కు చెన్నైలో ఉంది, వాలరెంట్‌కు ముంబైలో ఉంది. తుపాను రోజుల్లో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మీ డేటాను ఇంటికి ఫోన్ చేయడానికి దాచుకోండి. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. అలాంటి రోజుల్లో ఇంట్లోవాళ్లకు పిల్లల గొంతు వినపడాలి.

7. డబ్బు పెట్టే ఆటలు వద్దు. రమ్మీ, పోకర్ లాంటివాటిని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ డబ్బు ఆటలను ఆపింది. ఊరు మార్చి చూపించే యాప్‌తో ఆడితే చట్టం మారదు. హాస్టల్ ఫీజు కట్టిన అమ్మానాన్నల కష్టాన్ని పందెంలో పెట్టొద్దు.

8. అడగండి. ఫైర్‌వాల్ నడిపేది కూడా మనుషులే, వాళ్లు నియమాలు మార్చగలరు. నోటిమాటగా కాక, ఫిజికల్ డైరెక్టర్ గారి సంతకంతో ఐటీ విభాగానికి ఒక పేజీ రాసివ్వండి. గేమ్ పేరు, కంపెనీ వెబ్‌సైటులో ఇచ్చిన పోర్టుల జాబితా, ఎంతమంది ఆడతారు, ఏ వేళకు కావాలి అన్నవి అందులో ఉండాలి. రాత్రి 9 నుంచి 11 దాకా చాలని రాస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అదే లింకు మీద పగలు పరీక్షలు, ల్యాబులు నడుస్తాయి, వాళ్ల భయం అదే. ఈ-స్పోర్ట్స్‌ను 2022 డిసెంబరులో కేంద్రం క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చిందని ఒక వాక్యం చేర్చండి. ముందు చెస్ సైటు ఒక్కటి అడగండి, దానికి కాదనేవాళ్లు తక్కువ. ఒక నెల ఇబ్బంది లేకుండా నడిస్తే రెండో గేమ్‌కు అర్జీ పెట్టండి.