పొడిమందు సీసా: కొలతయు, కాలమును

మన సింగానల్లూరి యిండ్లలో పసిబిడ్డకు జబ్బుచేసినపుడు, మందుసీసాపైని ఆంగ్లమును చదువు పని తఱచుగా బడికి పోవు అన్నకో అక్కకో వచ్చుచుండును. అందుచే ఈ పాఠమును విద్యార్థులకును, తల్లిదండ్రులకును కలిపి వ్రాయుచున్నాము.

యాంటీబయాటిక్ మందు బాక్టీరియా వలన కలిగిన జబ్బునకే పనిచేయును. జలుబు, ఫ్లూ వైరస్ వలన వచ్చునవి. వానిపై దీనికి శక్తి లేదు. ముక్కు కారినంతనే మందులకొట్టులో అడిగి తెచ్చుట తగదు. సీసాపై నిలువుగా నున్న ఎఱ్ఱగీత, వైద్యుని చీటి లేక ఆ మందును కొనరాదనుటకు గుర్తు.

అమాక్సిసిలిన్ వంటి మందు నీట కలిపినపిమ్మట ఎక్కువ దినములు నిలువదు. కావుననే పొడిగా అమ్ముదురు. మొదట సీసాను తట్టి పొడిని వదులుచేయవలెను. కాచి పూర్తిగా చల్లార్చిన నీటిని కొంత పోసి కుదిపి, పిదప గీతవఱకు నింపి మఱల కుదుపవలెను. నురుగు అణగి మట్టము దిగినచో ఆ కొఱతను నీటితోనే పూరింపవలెను. ఈ పొడి పూర్తిగా కరగదు. నీట తేలియాడి మెల్లగా అడుగునకు దిగును. ప్రతిమాఱును కుదుపక పోసినచో మొదటి దినములలో బిడ్డకు పలుచని మందును, కడపటి దినములలో చిక్కని మందును చేరును.

ఇంటి చెంచాలన్నియు ఒక్క కొలతవి కావు. సీసాతో వచ్చిన మూతగిన్నెతోనో, సూదిలేని సిరంజితోనో కొలువవలెను. ఉగ్గుగిన్నెతో పోయు అవ్వలు మందును ముందుగా కొలిచి అందులో పోసి, త్రాపినపిమ్మట కొంచెము నీటితో తొలిచి ఆ నీటినికూడ పట్టవలెను. ఇచ్చట ఒక లెక్క చూడుడు. అమాక్సిసిలిన్ సీసాపై 5 మి.లీ.లో 125 మి.గ్రా. అనియుండును, అదే మందు చుక్కలరూపమున 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉండవచ్చును. రెండును ఒకటేయని చుక్కలమందును 5 మి.లీ. పోసినచో 500 మి.గ్రా., అనగా నాలుగింతలు, బిడ్డ కడుపులో పడును.

మోతాదును వైద్యుడు బిడ్డ బరువునుబట్టి కట్టును. అన్నకు మిగిలినది తమ్మునికి పోయరాదు. పెద్దల మందు పిల్లలకు అసలే పనికిరాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు నాయకులై యుండగా, 1948లో ఆరియోమైసిన్ లోకమునకు తెలియవచ్చినది. తెలుగువారు గర్వింపదగిన మందే. అయినను ఆ తెగ మందులు ఎదుగుచున్న పండ్లకు మఱక పట్టించును గనుక, ఎనిమిదేండ్లలోపు పిల్లలకు సామాన్యముగా ఈయరు.

రెండవనాడు జ్వరము దిగినదని అమ్మ మందు మానిపించును. ఇది మన యిండ్లలో మిక్కిలి సాధారణము. వైద్యునడుగక మానినచో మిగిలిన బాక్టీరియా మరల పెరుగవచ్చును. కలిపిన తేదీని సీసాపై వ్రాసియుంచుడు. చీటిపై వేఱుగా లేనిచో ఏడు దినముల పిదప మిగిలినది పాఱవేయవలెను.

ఒడలిపై దద్దుర్లు లేచినను, మొగము వాచినను, ఊపిరి ఆడకున్నను మఱియొక మోతాదు పోయక, సీసాను చేతగొని తక్షణమే ఆసుపత్రికి పోవలెను.