గండికోట: పెన్నా ఒడ్డున కోట ఊరు

గండికోట వై.ఎస్.ఆర్. కడప జిల్లా జమ్మలమడుగు మండలంలో, పెన్నా నది కుడి ఒడ్డున ఉన్న చిన్న గ్రామం. జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరం. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా ఇక్కడ ఎర్రమల కొండలను చీల్చుకుంటూ లోతైన లోయగా మారుతుంది. పొరలు పొరలుగా పేర్చినట్టుండే ఆ ఎర్రరాతి గోడలే కోటకు ఒక వైపు సహజ రక్షణ. పరీక్షార్థులు ఈ భౌగోళిక కారణాన్ని ముందుగా గుర్తుంచుకోవాలి. చరిత్ర అంతా దాని మీదే నిలిచింది.

విజయనగర కాలంలో కోట పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉండేది. 17వ శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో ఇక్కడికి వచ్చి అతన్ని కలిశాడు. మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామా మసీదు, ధాన్యాగారం ఇప్పటికీ చూడదగినవి.

గాలేరు-నగరి సుజల స్రవంతి నీటి పథకంలో భాగమైన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. దీని కోసం తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ముంపునకు గురయ్యాయి. నీటి లెక్కతో పాటు ఈ త్యాగమూ తెలిసి ఉండాలి.

పర్యాటక పెట్టుబడులకు ఇక్కడ బస, సాహస క్రీడలు ప్రధాన రంగాలు. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది.