చంపకమాలలో ఒదిగిన మహాసంఖ్య

చదరంగాన్ని కనిపెట్టిన పండితుడు రాజును కోరిన వరం తెలుగునాట చాలామంది విన్నదే. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లా అరవై నాలుగు గడులూ నిండేవరకు ప్రతి గడిలోనూ ముందటిదానికి రెట్టింపు గింజలుంచి, ఆ మొత్తాన్ని ఇప్పించమన్నాడు. రాజు నవ్వి సరేనన్నాడు. లెక్క తేలేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. 2 యొక్క 64వ ఘాతం నుండి 1 తీసివేయగా వచ్చే ఆ మొత్తం 18446744073709551615.

ఈ ఇరవై అంకెల సంఖ్యను ఒక చంపకమాలలో నిక్షేపించిన పద్యం పావులూరి మల్లన పేర ప్రసిద్ధం. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని తెనిగించిన కవి మల్లన. ఆ పద్యంలో అంకెలు ఉండవు. వాటికి సంకేతాలైన మాటలు ఉంటాయి. చంద్రుడు ఒక్కడే కనుక 1, వేదాలు నాలుగు కనుక 4, మన్మథుని బాణాలు ఐదు కనుక శరమంటే 5, ఆకాశం శూన్యం కనుక 0. వీటిని ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి కుడి నుండి ఎడమకు పేర్చుకోవాలి. దీనినే భూతసంఖ్యా పద్ధతి అంటారు. ఇది కేవలం చమత్కారం కాదు. తాళపత్రం మీద లేఖకుడు ఒక అంకెను తప్పుగా రాస్తే పట్టుకొనే ఆధారం లేదు. పద్యంలో మాట మారితే గణమో యతియో ప్రాసయో చెడి, తరచుగా ఆ దోషం బయటపడుతుంది.

అయితే అంకెలు తెలిసినంత మాత్రాన సంఖ్య స్వభావం తెలిసినట్లు కాదు. చివరి అంకె 5 కనుక దీనిని 5 భాగిస్తుంది. అంకెల మొత్తం 87 కనుక 3 కూడా భాగిస్తుంది. కాబట్టి ఇది సంయుక్త సంఖ్య. పైపైన చూస్తే అంకెలు చెప్పేది ఇంతే. మిగిలిన కారణాంకాల కోసం ఈ సంఖ్య పుట్టిన తీరును చూడాలి. రెండు వర్గాల భేదం, ఆ సంఖ్యల మొత్తానికీ భేదానికీ లబ్ధమని పాఠశాలలో నేర్చిన సూత్రమే ఇక్కడ తాళపుచెవి. దాని ప్రకారం 2⁶⁴ − 1 అనేది 2³² + 1, 2³² − 1ల లబ్ధం. రెండవదానిని మళ్ళీ అట్లాగే విడదీయవచ్చు. చివరివరకు పోతే 2 + 1, 2² + 1, 2⁴ + 1, 2⁸ + 1, 2¹⁶ + 1, 2³² + 1 మిగులుతాయి. అవి వరుసగా 3, 5, 17, 257, 65537, 4294967297.

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. చిక్కంతా ఆరవదానితోనే. వృత్తిచేత న్యాయవేత్త అయిన ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా, ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని పదిహేడవ శతాబ్దిలో విశ్వసించాడు; నిరూపించలేకపోయాడు. 1732లో ఆయిలర్ ఆ విశ్వాసాన్ని ఒక్క గుణకారంతో పడగొట్టాడు: 641 × 6700417 = 4294967297. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 యొక్క గుణిజానికి 1 కలపగా వచ్చేదే కావాలని ఆయిలర్ నిరూపించాడు. అట్టి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అంటే ఐదవ ప్రయత్నానికే గుట్టు రట్టవుతుంది. ఫెర్మా వంటి ఉద్దండునికి ఈ ఐదు భాగహారాలు తప్పిపోవడం వింతే.

కనుక చంపకమాలలోని సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండుసార్లు రాదు. ఒక్కొక్కదానిని తీసుకోవడమో విడిచిపెట్టడమో జరుగుతుంది కనుక, 1తోనూ ఆ సంఖ్యతోనూ కలిపి మొత్తం భాజకాలు 128.

ఫెర్మా వరుసలో తొలి ఐదింటి తరువాత మరొక ప్రధాన సంఖ్య ఇంతవరకు కనబడలేదు. 2 యొక్క 1048576వ ఘాతానికి 1 కలిపితే ఆ వరుసలోనిదే అయిన 315653 అంకెల సంఖ్య వస్తుంది. ప్రధాన సంఖ్యకు తప్పనిసరిగా ఉండవలసిన ఒక ధర్మం దానికి లేదని 1987లో కంప్యూటర్ గణనతో తేలింది. కాబట్టి అది సంయుక్తమే. దానిని భాగించే ప్రధాన సంఖ్య మాత్రం ఒక్కటి కూడా ఇంకా ఎవరికీ చిక్కలేదు.