జవాబు మార్చిన అంకె

కాలువ నీరు చెరువును ఎన్ని గంటల్లో నింపుతుందో మీరు లెక్కకట్టి చెప్పగలరు. మరి, ఒక చట్టం చేస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో కూడా అలాగే చెప్పవచ్చా?

అమెరికాలో 2021లో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. తుపాకులు తగ్గిస్తే చావులు తగ్గుతాయని అక్కడ కొందరంటారు. అందరి దగ్గరా తుపాకి ఉంటే దుండగులు జంకుతారని మరికొందరంటారు. ఈ తగవును గణితంతో పరిశీలిస్తూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన వోడార్జ్, కొమరోవా అనే శాస్త్రజ్ఞులు 2013లో ఒక వ్యాసం ప్రకటించారు.

అటువంటి లెక్కనే మనమూ చిన్న అంకెలతో చేసి చూద్దాం. ఇవి కేవలం ఊహించుకున్న అంకెలు సుమా! 1,000 దాడులు జరిగాయనుకోండి. దుండగుని దగ్గరే తుపాకి ఉంటే నూటికి 10 మంది, ఇద్దరి దగ్గరా ఉంటే నూటికి 8 మంది చనిపోతారనుకుందాం.

అందరికీ తుపాకులుంటే చావులు 80. ఇక తుపాకులను నిషేధించారనుకోండి. అయినా దుండగుల్లో సగం మంది దొంగచాటుగా దాచుకున్నారు. అప్పుడు తుపాకితో జరిగే దాడులు 500, చావులు 50. నిషేధమే మేలన్నమాట! కాని నూటికి 90 మంది దాచుకుంటే? చావులు 90. జవాబు తలకిందులైంది!

సూత్రం మారలేదు. గుణకారంలో తప్పు లేదు. మారింది ఒక్క అంకె. ఆ అంకెను గణితం ఇవ్వలేదు. పోలీసుల నుంచి, ఆసుపత్రుల నుంచి వివరాలు సేకరించి తెలుసుకోవాలి. అప్పటికి దొరికిన కొద్దిపాటి వివరాలను బట్టి తుపాకులు తగ్గించటమే మేలు కావచ్చునని ఆ శాస్త్రజ్ఞులు భావించారు. ఏయే అంకెలను ఇంకా కొలవాలో కూడా చూపించారు.

అయితే కొలవటానికి డబ్బు కావాలి గదా! 1996లో అమెరికా పార్లమెంటు పెట్టిన ఒక షరతు వల్ల ఈ పరిశోధనకు ప్రభుత్వ ధనం చాలా ఏళ్లు దాదాపు ఆగిపోయింది. 2019 చివరలో మాత్రమే 2.5 కోట్ల డాలర్లు కేటాయించారు.

ఇంకొక సంగతి. 2021 నాటి ఆ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మన లెక్కలో దుండగుడు, బాధితుడు ఇద్దరే ఉన్నారు. ఆ దుఃఖానికి ఇందులో చోటే లేదు. నమూనాలో మనం పెట్టని దాన్ని గురించి నమూనా ఏమీ చెప్పదు.

ఇక మీ వంతు. నూటికి ఎంతమంది దుండగులు తుపాకులు దాచుకుంటే రెండు పద్ధతుల్లోనూ చావులు సమానమవుతాయి? తుపాకులకు జంకి దాడులే 600కు తగ్గితే, లేదా తుపాకులు చేతికందటం వల్ల 1,400కు పెరిగితే, జవాబు ఎలా మారుతుంది? చేసి చూడండి.