గేహజీ దండము – ఎలీషా ఊపిరి

పఠన భాగము: 2 రాజులు 4:29–35

షూనేమీయురాలి కుమారుడు నిర్జీవుడై పడియుండగా ఎలీషా మొదట తన దండమును గేహజీచేత పంపెను. దానిని ముఖముమీద పెట్టినను బాలునిలో చలనము లేకపోయెను. పిమ్మట ప్రవక్త తానే వచ్చి, తలుపు మూసి, ప్రార్థన చేసి, బాలునిమీద వంగి తన దేహపు వేడిమిని వానికి పంచెను. బాలుడు ఏడు మారులు తుమ్మి కన్నులు తెరచెను. ఊపిరి మరల వచ్చినదనుటకు ఆ తుమ్ములే గురుతు. నేడు ఆ ముక్కు ద్వారముననే ఊపిరిని పోగొట్టుకొనుచున్న బాలురు కలరు.

1. ఈ మత్తు ఎక్కడిది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. రైల్వే కొలువులకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అచ్చట అనేకము. ఇట్టి పెద్ద జంక్షనులకు ఇల్లు విడిచిన పిల్లలు చేరుట దేశమంతటను కలదు. వారిలో కొందరు పంక్చరు సొల్యూషను, వైట్‌నరు, రంగుల థిన్నరు మొదలగు వాటి ఆవిరిని పీల్చి ఆకలిని, చలిని, భయమును మరచుచున్నారు. బడికి పోవు పిల్లలును దీనికి అతీతులు కారు. 2019లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన జాతీయ సర్వే ప్రకారము పెద్దలలోకంటె పిల్లలలో ఎక్కువగా కనబడిన మత్తు ఇదియొక్కటే. సహాయము అవసరమైన పిల్లలు సుమారు 4.6 లక్షలు.

2. దేహములో జరుగునదేమి?

వీటిలో పెక్కింటియందుండు టోలుయీన్ అను ద్రావకము ఊపిరితిత్తులనుండి క్షణములలో మెదడును చేరును. ఏండ్ల తరబడి పీల్చినచో నరముల పైపొర చెడి జ్ఞాపకము, నడక దెబ్బతినును. అంతకంటె భయంకరమైనది ఆకస్మిక మరణము. 1970లో అమెరికా వైద్యుడు మిల్లార్డ్ బాస్ అట్టి 110 మరణములను వివరించెను. ఆ ఆవిరి గుండెను మిక్కిలి సున్నితము చేయును. ఆ స్థితిలో బెదరినను, పరుగెత్తినను గుండె లయ తప్పి ఆగిపోవచ్చును. మొదటిసారి పీల్చినవానికిని ఈ అపాయము కలదు.

3. మన కర్తవ్యము

కాబట్టి ప్లాట్‌ఫారముమీద కేకలు వేసి, కఱ్ఱ చూపి తరుముట ఆ బాలుని ప్రాణమునకే ముప్పు కావచ్చును. చట్టము అక్కరలేదని కాదు. 2012లో సీసాలలోని వైట్‌నరును, దాని థిన్నరును చిల్లరగా అమ్మరాదని కేంద్రము ఉత్తరువు చేసెను, అది మేలే. అయినను చెప్పులు కుట్టువానికి జిగురు, చక్రము బాగుచేయువానికి సొల్యూషను కావలెను గదా! దండము చేయలేని పని మిగిలియే యుండును.

మెల్లగా సమీపింపుడి. మృదువుగా మాటలాడి, గాలి తగులు చోట కూర్చుండబెట్టుడి. స్పృహ తప్పినచో ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, 108కి తెలియజేయుడి. దిక్కులేని బిడ్డకొరకు 1098, వ్యసన విముక్తి సలహాకొరకు 14446 నంబర్లు కలవు. తరువాత అన్నము, బడి, విసుగుకొనక కనిపెట్టియుండు ఒక పెద్ద – ఇవి ఆ బిడ్డకు అవసరము.

ఒక సంగతి గమనింపుడి. ఎలీషా ఒక్కమారు వంగి ఊరకుండలేదు. లేచి, ఇంటిలో ఇటు అటు తిరిగి, మరల వంగెను. మానిన బాలుడు తిరిగి ఆ సీసాను పట్టినపుడు మనము జ్ఞాపకము చేసికొనవలసినది ఆ రెండవ వంగుటయే.

ఆలోచనకు

1. మన వీధిలో ఇట్టి బాలుని చూచినపుడు మనము మొదట పంపునది దేనిని?
2. మన పిల్లలతో ఈ సంగతిని బెదిరింపక ఎట్లు మాటలాడవలెను?
3. రెండవసారి వంగుటకు మన సంఘములో ఎవరు సిద్ధముగా నున్నారు?