పొద్దున వేస్తే మధ్యాహ్నానికి

చి. చిన్నమ్మాయికి,

నీ మెసేజ్ రాత్రే చూశాను. అంత సంగతి ఫోన్‌లో టైపు చేయడం నా వల్ల కాదు, అందుకే కాగితం పట్టాను.

నీ పేషెంట్‌కి ఎనిమిదేళ్ల డిప్రెషన్, మూడు మందులు మార్చినా మనిషి మంచం దిగడం లేదు, మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజకం కలుపుదామా అని అడిగావు. వద్దని అనను. కాకపోతే ఇది పొద్దున వేస్తే మధ్యాహ్నానికే పనిచేసినట్టు కనిపించే మందు. దీనితో వచ్చే చిక్కంతా అక్కడే.

ఇదేం కొత్త ఆలోచన కాదు. రోలాండ్ కున్ 1957లో డిప్రెషన్ మందు ఇమిప్రమిన్ గురించి రాయడానికి ఇరవై ఏళ్ల ముందే బోస్టన్‌లో అబ్రహాం మైయర్సన్ డిప్రెషన్‌కి యాంఫెటమిన్ అనే ఉత్తేజకం ఇచ్చి చూశాడు. మిథైల్‌ఫెనిడేట్‌ను 1944లో స్విట్జర్లాండ్‌లో సిబా కంపెనీ రసాయనవేత్త పానిజాన్ తయారుచేశాడు. భార్య ముద్దుపేరు రీటా, అందులోంచే రిటాలిన్. మొదట్లో దాన్ని అమ్మింది కూడా పిల్లల అల్లరికి కాదు, పెద్దవాళ్ల నీరసానికీ దిగులుకీ. అలవాటుపడి వదల్లేనివాళ్లు పెరిగాక చట్టాలు బిగిశాయి, మందు పక్కకు తప్పుకుంది.

ఇక సాక్ష్యం సంగతి. మామూలు డిప్రెషన్ మందుకి లిస్‌డెక్స్‌యాంఫెటమిన్ అనే ఉత్తేజకం జోడిస్తే ఏమవుతుందో చూడ్డానికి పెట్టిన రెండు పెద్ద ట్రయల్స్ 2014లో తేలిపోయాయి. ఉత్తుత్తి మాత్రను మించి ఏమీ చేయలేదు. 2015లో లాస్ ఏంజిలిస్ నుంచి లావ్రెట్‌స్కీ బృందం రాసింది మాత్రం వేరు: 143 మంది వృద్ధులు, 16 వారాలు, సిటాలోప్రామ్‌తో పాటు మిథైల్‌ఫెనిడేట్ తీసుకున్నవాళ్లు ఏదో ఒక్కటే తీసుకున్నవాళ్లకంటే బాగా కోలుకున్నారు. నా అనుభవం కూడా అటే మొగ్గుతుంది. పెద్ద జబ్బుతో పడి తిండిమీదా మనుషులమీదా ఆసక్తి పోయిన ముసలివాళ్లకి ధైర్యంగా రాస్తాను. నీ పేషెంట్‌లాంటి నలభై ఏళ్ల మనిషికి రాయాలంటే నాకు చెయ్యి ఆగుతుంది.

ఎందుకు ఆగుతుందో చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రాడికి ఇదే మందు రాశాను. వారం తిరక్కుండా వాళ్లమ్మ అరటిపళ్లు పట్టుకొచ్చి, ‘మావాడు బాగైపోయాడు బాబూ’ అని కళ్లు తుడుచుకుంది. నేనూ పొంగిపోయాను. పదో రోజు రాత్రి రెండింటికి వాడు నిచ్చెన వేసుకుని వీధి గోడకి సున్నం వేస్తున్నాడు. అది ఉత్త డిప్రెషన్ కాదు, బైపోలార్. ఇంటరు చదివేటప్పుడు నెల్లాళ్లు నిద్రపోకుండా తిరిగాడని వాళ్ల అన్నకి తెలుసు. అన్న ఆరోజు వరండాలోనే కూర్చుని ఉన్నాడు, నేను పిలిచి అడగలేదు.

ఇదే మందు రాసిన ఇంకొకాయన స్కూటర్ మెకానిక్. ‘ఎలా ఉందండీ?’ అంటే, ‘తోస్తే స్టార్టవుతోంది సార్, పదకొండు దాటితే ఆగిపోతోంది. డైనమో ఛార్జింగ్ ఇవ్వట్లేదు’ అన్నాడు. మామూలు మాత్ర మూడు నాలుగు గంటలకంటే నిలవదని పుస్తకంలో చదివినదాన్ని ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. డైనమో అన్నాడు కదా అని మళ్లీ వెతికితే, రాత్రిళ్లు ఇల్లెగిరిపోయేలా గురక, నిద్రలో ఊపిరి ఆగడం. దానికి వైద్యం చేయించాక ఉత్తేజకం అవసరమే పడలేదు.

అందుకే నీ పేషెంట్‌కి ముందు నిద్ర, థైరాయిడ్, రక్తం, బి12, తాగుడు చూడు. చిన్నప్పటి బడి సంగతులు అడుగు. ఏడీహెచ్‌డీ బయటపడితే లెక్క మొత్తం మారుతుంది. గుండె పరిస్థితి, బీపీ, నాడి, బరువు రాసిపెట్టుకో. ఎంఏఓఐ మందు వాడుతున్నా, ఆపి రెండు వారాలు కాకున్నా దీన్ని ముట్టుకోకు, బీపీ ప్రాణం మీదికి వస్తుంది. ఇవన్నీ దాటాక, మీ సార్ సరేనంటే, పొద్దున 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టు. సాయంత్రం మోతాదు వద్దు, నిద్ర చెడితే మిగిలిందంతా పోతుంది. మొదటిరోజే నాలుగు వారాల గడువు పెట్టి పేషెంట్‌కి చెప్పు. ఆ నాలుగు వారాలూ ‘హుషారుగా ఉందా’ అని అడక్కు, ఉంటుంది. స్నానం ఎన్నింటికి చేశాడు, వీధి చివరిదాకా నడిచాడా, మానేసిన పని ఏదైనా మళ్లీ పట్టాడా, అదీ ఇంట్లోవాళ్లని అడుగు. పాత మందు, మాటల వైద్యం ఆపకు.

ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, చీటీ రెండు కాపీలు రాయాలి; ఒకటి షాపువాడు రెండేళ్లు దాచాలి. చాలా షాపుల్లో సరుకే ఉండదు. ముందు నువ్వే ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కో, ఆ మనిషిని ఎండలో నాలుగు షాపులు తిప్పకు.

ఆయన వెంట వచ్చేది ఎవరు? చెల్లెలు అన్నావు కదూ. ఆమెని విడిగా కూర్చోబెట్టి మాట్లాడి, ఏం చెప్పిందో రాయి.

మావయ్య