ఐ3 పీకి ఐ5 వేసే ముందు

"అన్నా, ఐ3 పీకేసి ఐ5 వేద్దాం, ఎంతవుద్ది?" దర్శిలో జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్లు నడుపుకొనే కుర్రాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్న మాట ఇది. నేను వెంటనే ధర చెప్పను. ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కమంటాను. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట చూడాలి.

అదీ ఉత్తప్పుడు కాదు. ఒకాయన 1బి కోసం, ఇంకొకాయన ఈసీ కోసం నిలబడి, క్రోమ్‌లో ఐదారు ట్యాబులు, పక్కన పేజ్‌మేకర్‌లో పెళ్లి కార్డు తెరిచి ఉన్నప్పుడు చూడాలి. డిస్క్ 100 శాతానికి అతుక్కుపోయి, సీపీయూ 20, 30 దగ్గర ఆడుతుంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు, పాత హార్డ్ డిస్క్‌ది. ఎస్ఎస్‌డీ వేయించండి, ఐ3 కూడా కొత్తదానిలా లేస్తుంది. మెమరీ నిండిపోయి ఉంటే ర్యామ్ 8 జీబీ చేయండి. ఇక్కడో తిరకాసుంది. చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ 32 బిట్ విండోసే ఉంటుంది. అది 4 జీబీకి మించి ర్యామ్‌ను వాడుకోలేదు. డబ్బులు పోసి 8 వేయించినా మిగతా సగం ఊరికే కూర్చుంటుంది. ర్యామ్ కంటే ముందు 64 బిట్ వేసుకోవాలి.

ఈ రెండూ అయ్యాక కూడా సీపీయూ గీత 100 దగ్గరే ఉంటే, అప్పుడు ప్రాసెసర్ మాట మాట్లాడుకుందాం.

పాత కంప్యూటర్‌లో ఏ ప్రాసెసరైనా పట్టదు. ఏ బోర్డుకు ఆ తరమే. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో మెయిన్‌బోర్డ్ అన్న పేజీలో బోర్డు పేరు, చిప్‌సెట్ కనిపిస్తాయి. రాసుకోండి. హెచ్61 అయితే రెండో తరం ఐ5-2400, మూడో తరం ఐ5-3470 లాంటివి కూర్చుంటాయి. హెచ్81 అయితే నాలుగో తరం, ఐ5-4570 లాంటిది. హెచ్110 అయితే ఆరు, ఏడు తరాలు. ఐ5 పక్కనున్న సంఖ్యలో మొదటి అంకే తరం. రెండు కోర్ల ఐ3-2100 నుంచి నాలుగు కోర్ల 3470కి వస్తే తేడా చేతికి తెలుస్తుంది. అదే ఐ3-2100 తీసి ఐ3-3220 వేస్తే, అవీ రెండు కోర్లే, డబ్బులు దండగ.

చాలా హెచ్61 బోర్డుల మీద మూడో తరం వేయాలంటే ముందు బయోస్ అప్‌డేట్ కావాలి. ఆ పని పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి, తీసేశాక కాదు. కరెంటు మధ్యలో పోతే బోర్డు చచ్చిపోతుంది. కాబట్టి యూపీఎస్ బాగున్న రోజే పెట్టుకోండి.

ఈ తరాల ప్రాసెసర్లు కొత్తవి దొరకవు, సెకండ్ హ్యాండే గతి. అందులో భయపడాల్సిందేమీ లేదు. ప్రాసెసర్ అంత తేలిగ్గా పాడవదు, దానికంటే ముందు బోర్డే పోతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్లేవాళ్లుంటే చెప్పి పంపొచ్చు. కవర్లో పెట్టి ఇచ్చింది తీసుకోవద్దు, బోర్డు మీద పెట్టి డిస్‌ప్లే చూపించమనాలి. చవగ్గా వస్తుందని జియాన్ ఇ3-1240 అంటగట్టేవాళ్లుంటారు. పనికి మంచిదే గానీ దానిలో గ్రాఫిక్స్ లేదు. విడిగా గ్రాఫిక్ కార్డు లేకపోతే మానిటర్ నల్లగానే ఉంటుంది. నా మాట వింటే పాత ప్రాసెసర్ కొనండి, పాత ఎస్ఎస్‌డీ మాత్రం కొనకండి.

ఇక అసలు పని. ముందు ప్లగ్ తీసేసి, బ్లోయరు పట్టి దుమ్ము ఊదండి. రోడ్డు పక్క షాపుల క్యాబినెట్లలో ఫ్యాన్ కింద దుమ్ము దూదిపరుపులా గడ్డకట్టి ఉంటుంది. సగం వేడి దానిదే. ఫ్యాన్ నాలుగు కాళ్లూ తిప్పి పైకి లాగి, మెల్లగా అటూ ఇటూ కదిపి తీయండి. పాత పేస్టు గట్టిపడి ఉంటే స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవండి. పక్కనున్న కడ్డీ కిందికి నొక్కి బయటికి జరిపితే మూత లేస్తుంది. ప్రాసెసర్ అంచుల్ని వేళ్లతో పట్టుకొని నిట్టనిలువుగా పైకి తీయాలి. కొత్తదానికి రెండు పక్కలా చిన్న గాట్లుంటాయి, ఒక మూల బంగారు రంగు త్రిభుజం ఉంటుంది. గాట్లు సాకెట్‌లోని మొనలకు కలిస్తే దానంతటదే కూర్చుంటుంది. నొక్కొద్దు.

ఈ ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, సాకెట్లో ఉంటాయి, వెంట్రుకలంత సన్నం. ఓసారి తాళ్లూరులో ఒక షాపులో మాటల్లో పడి ప్రాసెసర్ జారవిడిచాను. మూల తగిలి రెండు పిన్నులు వంగాయి. సూదితో గంటసేపు లేపాను. కంప్యూటర్ ఆన్ అయింది గానీ ఒక ర్యామ్ స్లాటు మళ్లీ పనిచేయలేదు. బోర్డు నా జేబులోంచే కొనిచ్చాను. అప్పట్నుంచి సాకెట్ తెరిచి ఉండగా ఫోనెత్తను.

సాకెట్ మూత వేశాక ప్రాసెసర్ మీద కొత్త పేస్టు కందిగింజంత పెడితే చాలు.

ఇంతకీ మీరు ప్రాసెసర్ మార్చాలనుకుంటున్నది విండోస్ 11 కోసమైతే మాత్రం ఆగండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. 11 అయితే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది. హెచ్61, హెచ్81, హెచ్110 బోర్డుల మీద దానికి సరిపోయే ప్రాసెసర్ ఒక్కటీ కూర్చోదు. హెచ్110కీ, ఎనిమిదో తరం ఐ5-8400కీ సాకెట్ పేరు 1151 ఒకటే. అది చూసి కొనేసి, ఆన్ కాక తలపట్టుకున్నవాళ్లున్నారు. అలాంటప్పుడు ప్రాసెసర్ డబ్బులు అట్టే పెట్టుకొని, కంపెనీ ఆఫీసుల్లోంచి వచ్చే ఎనిమిదో తరం సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ మొత్తంగా వెతుక్కోవడం మేలు. ప్రింటర్, మానిటర్, ఎస్ఎస్‌డీ ఎటూ మీవే పనికొస్తాయి.

ఐ5 వేసుకున్నవాళ్లకు ఇంకొక్క పని. ఐ3-2100 తినేది 65 వాట్లు, ఐ5-2400 95 వాట్లు, 3470 అయితే 77. ఐ3తో వచ్చిన పల్చటి ఫ్యాన్ మన మే నెల ఎండకు చాలకపోవచ్చు, నడుమ రాగి దిమ్మ ఉన్న ఫ్యాన్ అడగండి. బిగించిన మర్నాడు మిట్టమధ్యాహ్నం, రద్దీలో, హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనే ప్రోగ్రాం తెరిచి వేడి చూడండి. 90 డిగ్రీలు దాటుతుంటే కంప్యూటర్ ఆపి క్యాబినెట్ మూత తీయండి. నాలుగు కాళ్లలో ఏదో ఒకటి బోర్డులోకి పూర్తిగా దిగి ఉండదు.